ఆకు రాల్చడం చెట్టు పని

ఈదురుగాలికి విరిగి, పూర్తిగా తెగిపోకుండా బెరడు పట్టున వేలాడే కొమ్మను ఎప్పుడైనా గమనించారా? షామీర్‌పేట చుట్టుపక్కల రోడ్ల వెంట, చెరువు గట్ల మీద అలాంటి కొమ్మలు ఏటా కనిపిస్తాయి. ఆశ్వయుజంలో విరిగిన టేకు కొమ్మ మీద ఆకులు నాలుగు రోజుల్లో వాడతాయి, నెల తిరిగేలోపు ఎండి ముదురు గోధుమరంగుకు మారి ముడుచుకుపోతాయి. కానీ రాలవు. మాఘం వచ్చి చెట్టు మీద బతికున్న కొమ్మలన్నీ బోడిగా మిగిలినా, చచ్చిన ఆ ఒక్క కొమ్మ తన ఆకులను పట్టుకునే ఉంటుంది. గట్టిగా లాగితే ఆకు చిరుగుతుంది, కాడ చీలుతుంది. అంతే తప్ప కణుపు దగ్గర శుభ్రంగా ఊడి రాదు. అదే చెట్టు మీద ప్రాణమున్న కొమ్మకు పండుటాకు ఉంటే, దాన్ని వేలితో తాకితే చాలు, చేతిలోకి వచ్చేస్తుంది.

ఎండినంత మాత్రాన ఆకు రాలదని ఈ విరిగిన కొమ్మ సాక్ష్యం చెబుతుంది. రాలాలంటే చెట్టుకు ప్రాణం ఉండాలి, పని చేసే ఓపిక ఉండాలి. గాలికి రాలిందని మనం మాట వరసకు అంటాం గానీ, గాలి చేసేది ఆఖరి తోపు మాత్రమే. అంతకు ముందు కొన్ని వారాల పాటు ఆకు లోపల సామాను సర్దుడు, కాడ మొదట్లో కోత, కోసిన చోట మూత, ఒకదాని తర్వాత ఒకటి వరసగా జరుగుతాయి. ఈ వరసలో ఒక్క అడుగు తప్పినా చెట్టుకు గాయమే. ఏటా వేల ఆకులను దించేసి, ఒక్క గాయం కూడా తెరిచి ఉంచకుండా బయటపడే ఈ పనితనం దగ్గరగా చూడదగ్గది.

ముందు కాలం సంగతి తేల్చుకోవాలి. ఆకులు రాలే కాలం అనగానే క్యాలెండర్ బొమ్మల్లో చలిదేశాల శరత్తు కనిపిస్తుంది. మన శరత్తులో, అంటే ఆశ్వయుజ కార్తికాల్లో, మేడ్చల్ వైపు చెట్లు వానలన్నీ తాగి ఏడాది మొత్తంలో నిండుగా ఉండేది అప్పుడే. మనకు ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అక్కడ చెట్టును తొందరపెట్టేది చలి. ఇక్కడ తొందరపెట్టేది నీటి ఎద్దడి. హైదరాబాద్ ప్రాంతంలో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే పడిపోతుంది. ఆ తర్వాత ఏడు నెలలు చెట్టుకు దాదాపు నిరాహారమే. కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు రాయి, దాని మీద పలచటి ఎర్ర చెల్క. ఆ చెల్క పడిన నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచుకోలేదు. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు గాలి పీల్చుకోవడానికి తెరుచుకున్న ప్రతిసారీ నీరు ఆవిరైపోతుంది. మార్చి ఎండలో నిండా ఆకులతో నిలబడటమంటే ఉన్న కాస్త నీటినీ ఆవిరికి ధారపోయడమే.

అందుకే ఈ దిక్కు అడవులను అటవీశాఖ పుస్తకాలు అనార్ద్ర ఆకురాల్చు అడవులు అంటాయి. ఊళ్లు, వెంచర్లు, ఔటర్ రింగ్ రోడ్డు మింగినవి మింగగా, ఆ అడవి ముక్కలు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన కండ్లకోయలో ఆక్సిజన్ పార్కు, షామీర్‌పేట పెద్దచెరువు దగ్గర జవహర్ జింకల పార్కు, అటవీ అకాడమీ ఉన్న దూలపల్లి వైపు చెట్లు. ఫిబ్రవరిలో ఈ మూడింటిలో ఏదో ఒకదాంట్లో ఒక పూట నడిస్తే, చెట్లన్నీ ఒకేసారి ఆకు రాల్చవని తెలుస్తుంది. టేకు ముందు మొదలుపెడుతుంది, తొలకరి దాకా బోడిగానే ఉంటుంది. గుట్టల మీద సీతాఫలం పొదలు దాని వెంటే. మోదుగ ఆకంతా దులిపేసుకుని ఒట్టి కొమ్మల మీద ఎర్రగా పూస్తుంది. రావి, వేప ఒక చేత్తో రాలుస్తూ ఇంకో చేత్తో చిగురిస్తాయి. కానుగ అందరికన్నా ఆలస్యంగా రాల్చి, ఉగాది వేళకు మెరిసే లేత పచ్చదనంతో తయారవుతుంది. మామిడి, చింత ఎప్పుడూ పచ్చగానే కనబడతాయి కానీ అవీ రాలుస్తాయి, కాకపోతే ఒకేసారి పరువు పోగొట్టుకోకుండా విడతలు విడతలుగా. ఎవరి పంచాంగం వాళ్లదే.

ఇక పనిలోకి వద్దాం. ఆకును దించే ముందు చెట్టు చేసే మొదటి పని, అందులో ఉన్న విలువైన సరుకును వెనక్కి తీసుకోవడం. ఆకులో అన్నిటికన్నా ఖరీదైనది మాంసకృత్తులు. గాలిలోని కార్బన్ డై ఆక్సైడును పట్టుకునే రుబిస్కో అనే మాంసకృత్తు ఒక్కటే ఆకులోని నత్రజనిలో పెద్ద వాటా తినేస్తుంది. ఎర్ర చెల్కలో నత్రజని దొరకడం ఎంత కష్టమో రైతునడిగితే చెబుతాడు. చెట్టుకూ అంతే కష్టం. కాబట్టి అది ఆ మాంసకృత్తులను చిన్నచిన్న అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, ఆకు ఈనెల్లో ఆహారం ప్రవహించే నాళాల గుండా కొమ్మకు, కాండానికి, వేరుకు తరలించి దాచుకుంటుంది. భాస్వరం కూడా అదే దారిన వెనక్కి పోతుంది. ప్రపంచమంతటా చెట్ల మీద చేసిన కొలతలను బట్టి చూస్తే, ఆకులో ఉన్న నత్రజని, భాస్వరాల్లో సుమారు సగం, చాలా చెట్లలో సగానికి మించే ఇలా తిరిగి వస్తుంది. కాల్షియం మాత్రం రాదు. ఆహార నాళాల్లో అది కదలదు, పైగా కణాల గోడల్లో బిగిసిపోయి ఉంటుంది. అందుకే అది ఆకుతో పాటే నేల దిగుతుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ఆఖర్లో దీనితో పని పడుతుంది.

ఈ తరలింపులో ఒక చిక్కు ఉంది. ఆకు పచ్చదనానికి కారణమైన పత్రహరితం వెలుతురును పట్టే పదార్థం. మాంసకృత్తులతో కూడి ఉన్నంత కాలం అది పట్టిన శక్తి పనికి వస్తుంది. ఆ మాంసకృత్తులను విడగొట్టేసరికి పత్రహరితం ఒంటరిదై, వెలుతురు సోకగానే చుట్టూ ఉన్న కణాన్ని కాల్చేసే స్థితికి వస్తుంది. సర్దుడు పూర్తికాకముందే ఆకు కాలిపోతే సరుకు దక్కదు. అందుకని చెట్టు ముందుగా పత్రహరితాన్ని అంచెలంచెలుగా విప్పి, రంగులేని, హాని చేయని పదార్థాలుగా మార్చి, కణం మధ్య ఉండే నీటి సంచిలో పడేస్తుంది. ఆ రంగులేని పదార్థాల నిర్మాణాన్ని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు బార్లీ ఆకుల్లో గుర్తించి 1991లో ప్రకటించారు. అంతవరకు పచ్చదనం ఎక్కడికి పోతుందో రసాయన శాస్త్రానికి అంతుచిక్కలేదు. ఒక్కో పత్రహరిత అణువులో నాలుగు నత్రజని పరమాణువులుంటాయి. చెట్టు వాటి జోలికి పోదు, అవి ఆ సంచిలోనే ఉండి ఆకుతో పాటు రాలిపోతాయి. పెద్ద సరుకును క్షేమంగా దాటించడానికి చిన్న సరుకును వదులుకోవడం అన్నమాట. పత్రహరితం తప్పుకున్నాక, మొదటి నుంచీ దాని వెనకే ఉన్న కెరోటినాయిడ్ల పసుపు బయటపడుతుంది. వేపాకు, రావాకు పసుపెక్కడమంటే ఇదే. పసుపు కొత్తగా రాలేదు, పచ్చ వెళ్లిపోయింది.

ఎరుపు అలా కాదు. దాన్ని కొత్తగా తయారు చేయాలి. మేడ్చల్‌లో ఏ పాత బడి ఆవరణలోనైనా నాటు బాదం చెట్టు ఉంటే చూడండి, ఏడాదికి రెండుసార్లు రాల్చే ఈ చెట్టు ఆకు నేలబడే ముందు ఇటుక ఎరుపుకు తిరుగుతుంది. ఇక్కడి మిగతా చెట్లలో ఎరుపు ఎక్కువగా చిగురులోనే కనిపిస్తుంది. రావి చిగురు రాగిరంగులో వస్తుంది. చావుకు ముందు ఎర్రబడటం కన్నా పుడుతూ ఎర్రగా ఉండటమే మన చెట్లకు ఇష్టం అనిపిస్తుంది. లేత కణాలకు ఎండ దెబ్బ తగలకుండా ఆ ఎరుపు కాస్త అడ్డు పడుతుందని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

సరుకు ఇలా తరలుతుండగానే కాడ మొదట్లో రెండో పని నడుస్తుంటుంది. అక్కడ కణాల పొర ఒకటి అడ్డంగా ఉంటుంది. ఇది ఆకు పండినప్పుడు పుట్టేది కాదు. చాలా చెట్లలో ఆకు లేతగా ఉన్నప్పుడే ఏర్పడి, ఏడాది పొడుగునా పిలుపు కోసం కాచుకుని ఉంటుంది. చుట్టుపక్కల కణాల కన్నా ఇవి చిన్నవి, చిక్కగా ఉంటాయి. కాడలో మిగతా చోట్ల బలాన్నిచ్చే నార పోగులు ఈ పొర దగ్గర పలచబడతాయి. అంటే తెగాల్సిన చోటును ముందే బలహీనంగా కట్టి పెట్టుకుంది చెట్టు. అయినా తుపాను గాలికి ఆకు అక్కడ తెగదు. ఎందుకంటే కణానికీ కణానికీ మధ్య పెక్టిన్ అనే జిగురు, ఇటుకల మధ్య సున్నంలాగా, రెంటినీ పట్టి ఉంచుతుంది. ఆకును దించాలంటే ఇటుకలను పగలగొట్టనక్కర్లేదు, సున్నాన్ని కరిగిస్తే చాలు. చెట్టు చేసేది సరిగ్గా అదే.

కరిగించమని ఆజ్ఞ ఎవరిస్తారు? ఆకు ఆరోగ్యంగా ఉన్నంత కాలం దాని రేకులో ఆక్సిన్ అనే హార్మోను తయారై, కాడ గుండా కిందికి ప్రవహిస్తూ ఉంటుంది. ఆ ప్రవాహం అందుతున్నంత సేపూ కాడ మొదటి పొర కదలదు. 1936లో కార్ల్ లారూ అనే అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు కోలియస్ మొక్కల మీద దీన్ని తేల్చాడు. ఆకు రేకును కోసేసి కాడను మాత్రం ఉంచితే, ఆ కాడ కొద్ది రోజుల్లో దానంతటదే ఊడిపోయింది. కోసిన చోట ఆక్సిన్ రాస్తే ఊడకుండా నిలిచింది. ఈ ప్రయోగానికి ప్రయోగశాల అక్కర్లేదు. కుండీల్లో రంగురంగుల ఆకులతో పెరిగే ఆ మొక్క నర్సరీలన్నిటిలో దొరుకుతుంది, రేకు కోసి కాడ వదిలేసి వారం పది రోజులు చూడటమే.

ఆకు ముదిరి ఆక్సిన్ సన్నగిల్లగానే ఆ పొరకు రెండో హార్మోను మాట వినబడటం మొదలవుతుంది. అది ఎథిలీన్ అనే వాయువు. 19వ శతాబ్దంలో ఐరోపా వీధుల్లో గ్యాస్ దీపాలుండేవి. గొట్టం కారిన చోట పక్కనున్న చెట్లు వేళ కాని వేళ ఆకులు రాల్చేవి. ఆ గ్యాసులో మొక్కల మీద పనిచేసేది ఎథిలీనేనని 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే పరిశోధకుడు బఠానీ మొలకలతో నిరూపించాడు. తర్వాత కాలంలో తెలిసిందేమిటంటే మొక్కలే దాన్ని తయారు చేసుకుంటాయని. మామిడికాయను పండించేదీ అదే, పండుటాకును దించేదీ అదే. ఎథిలీన్ అందగానే పొరలోని కణాలు పెక్టిన్‌ను, కణం గోడల్లోని సెల్యులోజును కరిగించే ఎంజైములను బయటికి వదులుతాయి. జిగురు కరుగుతుంది. కొమ్మ వైపు కణాలు నీరు పట్టి ఉబ్బి, ఆకు వైపు కణాలను నెట్టడం మొదలుపెడతాయి.

ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. కరిగించే ఎంజైములు అక్కడితో ఆగకపోతే కొమ్మ కూడా కరిగిపోవాలి కదా? దానికి జవాబు 2018లో దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క పూరేకుల్లో చూపించారు. రాలిపోయే వైపు కణాలు తెగే ముందు లిగ్నిన్‌తో, అంటే చెక్కను గట్టిపరిచే పదార్థంతో, ఆరు భుజాల గదుల అల్లికను కట్టుకుంటాయి. ఎంజైములు ఆ అల్లిక దాటి పారకుండా సరిహద్దు మీదే పనిచేస్తాయి, కోత గీసినట్టు వస్తుంది. మొక్క వైపు మిగిలిన కణాలు అప్పటికప్పుడు పైచర్మం కణాలుగా మారి మైనపు పూత పెట్టుకుంటాయి. రాలిపోయేదే కోతకు చట్రం పట్టిపెడుతుంది. వృక్షశాస్త్రంలో నాకు ఇంతకన్నా ముచ్చటైన సంగతి తెలియదు.

జిగురు కరిగాక ఆకును పట్టి ఉంచేవి నీటిని మోసిన నాళాలు మాత్రమే. అవి చచ్చిన, చెక్కబారిన గొట్టాలు, ఎంజైములకు లొంగవు. అందుకని వాటిని బరువుకు, గాలికి వదిలేస్తుంది చెట్టు. పొద్దున్నే గాలి లేకపోయినా టేకాకులు దబ్బుమని రాలడం విన్నవాళ్లకు ఆ బరువు సంగతి తెలుసు. గొట్టాలు తెగే లోపే పక్క కణాలు వాటిలోకి ఉబ్బి, జిగురు నింపి దారి మూసేస్తాయి. కోత కింది కణాల గోడల్లో సూబరిన్ చేరుతుంది. బిరడాను నీటికి లొంగకుండా చేసేది ఈ సూబరినే. దాంతో నీరు బయటికి పోదు, బూజు లోపలికి రాదు.

ఈ మూతను కళ్లతో చూడొచ్చు. కండ్లకోయలో లేత టేకు రెమ్మ ఒకటి పట్టుకుని చూడండి. రెమ్మ గుండ్రంగా ఉండదు, నలుపలకలుగా ఉంటుంది. కణుపు కణుపుకూ ఎదురెదురుగా రెండేసి మచ్చలు, పై జత కింది జతకు అడ్డంగా. ఆకులు ఉన్నప్పుడు ఒకదాని నీడ ఇంకోదాని మీద పడకుండా చేసిన ఏర్పాటు అది, ఆకులు పోయాక మచ్చల్లో మిగిలింది. భూతద్దం పెడితే మచ్చ మీద చిన్నచిన్న చుక్కలు కనిపిస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో నాళాల కట్ట తెగిన గుర్తు. మచ్చ మీద వేలు రాస్తే ఆరిన బెరడులా ఉంటుంది, తడి తగలదు. పచ్చి ఆకును బలవంతంగా పీకిన చోట మాత్రం తడి వెంటనే తగులుతుంది. ఆ రెంటినీ పక్కపక్కన చూస్తే చాలు, పైన చెప్పిందంతా వేలి కొసకు అర్థమవుతుంది.

మచ్చకు సరిగ్గా పైన మొగ్గ ఉంటుంది. వచ్చే ఏటి కొమ్మ అదే. సీతాఫలం దగ్గర మాత్రం ఆ మొగ్గ కనిపించదు. గుట్టల మీది సీతాఫలాలను దసరా, దీపావళి రోజుల్లో రాజీవ్ రహదారి పక్కన గంపల్లో పెట్టి అమ్మడం అందరం చూసిందే కానీ, ఆ చెట్టు కాడను ఎవరూ పట్టించుకోరు. దాని కాడ మొదలు బోలుగా ఉండి, మొగ్గ మీద టోపీలా బోర్లించి ఉంటుంది. ఆకు ఉన్నంత కాలం మొగ్గ చీకట్లో, తడి ఆరకుండా దాగి ఉంటుంది. ఆకు రాలితేనే దానికి వెలుతురు. రాలకపోతే చిగురే లేదు. చిగురుతోనే పూత వస్తుంది కాబట్టి పండు కూడా లేనట్టే. తైవాన్‌లో ఈ జాతి తోటలు పెంచేవాళ్లు కొమ్మలు కత్తిరించి ఆకులు దూసేసి, తమకు కావలసిన కాలంలో చిగురు తెప్పిస్తారు. మన గుట్టల మీద ఆ పని ఎండే చేసిపెడుతుంది.

రేకులు చీలిన ఆకుల్లో ఈ కోత ఒక్క చోట సరిపోదు. మోదుగాకు మూడు రేకులు. ప్రతి రేకు మొదట్లో ఒక చిన్న ఉబ్బు, అన్నిటినీ కలిపే కాడ మొదట్లో పెద్ద ఉబ్బు. విస్తరాకుల కోసం ఆకు కోసేవాళ్లకు ఈ ఉబ్బులు బాగా తెలుసు, అక్కడ విరిస్తే శుభ్రంగా వస్తుంది. వేపలోనైతే ఒక్కో ఈనెకు పదుల రేకులు. ముందు రేకులు రాలతాయి, తర్వాత ఒట్టి ఈనెలు పుల్లల్లా దిగుతాయి. మేడ్చల్‌లో ఒక కాలనీ రోడ్లు ఊడ్చే ఆమె ఈ వరసను ఏ పుస్తకం చదవకుండానే చెప్పింది. "మొదలు ఆకులు, గటెన్క పుల్లలు, ఉగాదికి పూత, వానలు మొదలైతే పండ్లు. ఈ చెట్టు కింద నా చీపురుకు సెలవే లేదు సార్."

ఆకంతా దించేశాక చెట్టు విశ్రాంతి తీసుకుంటుందని అంటాం. మరి ఆ విశ్రాంతి ఏమిటి? మార్చి నెలాఖరులో, నేల నెర్రెలు విచ్చి ఉండగా, వాన చుక్క లేకుండా, రావి ఎలా చిగురిస్తుంది? కానుగకు ఆ నీరు ఎక్కడిది? మధ్య అమెరికాలోని కోస్టారికాలో, ఇలాంటి పొడి అడవుల్లో, రోల్ఫ్ బోర్షర్ట్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చెట్ల కాండాల్లో నీటిని కొలిచి దీనికి సమాధానం వెతికాడు. ఆకులు రాలగానే ఆవిరి ఖర్చు ఆగుతుంది. వేళ్లు లోతు నుంచి తెచ్చే కొద్దిపాటి నీరు, మానులో నిల్వ ఉన్న నీరు పైకెక్కి ఎండిన కణాలను మళ్లీ నింపుతాయి. కాండం నిండాక మొగ్గ పగులుతుంది. కాబట్టి చెట్టు బోడిగా కనబడే రోజులు ఖాళీ రోజులు కావు, నీరు నింపుకునే రోజులు. లోతు వేళ్లు, నిల్వ ఉన్న చెట్లు వాన కోసం ఆగకుండా చిగురిస్తాయి. మోదుగ అదే నీటిని ముందు పూలకు ఖర్చు పెడుతుంది, ఆకులు అడ్డం లేని కొమ్మ మీద పిట్టలకు పూలు దూరం నుంచే కనబడతాయి. బండ మీద పలచటి మట్టిలో ఉన్న టేకు లాంటివి మృగశిర దాకా ఓపిక పడతాయి. ఆకు రాల్చే తేదీ కన్నా చిగురించే తేదీ చెట్టు వేళ్ల గురించి ఎక్కువ చెబుతుంది.

నేల దిగిన ఆకు కథ వేరు. జింకల పార్కు దగ్గర టేకు చెట్ల కింద ఏరి చూస్తే, చాలా ఆకుల్లో కండ ఉండదు, ఈనెల అల్లిక ఒక్కటే మిగిలి ఉంటుంది. వానాకాలం చివర్లో టేకు మీద పడే ఒక రకం సీతాకోక పురుగు, అసలు చెప్పాలంటే రాత్రి తిరిగే చిమ్మట పిల్ల, ఈనెలను వదిలేసి మధ్య కండను మాత్రమే తినేస్తుంది. దాని పుణ్యమా అని టేకాకు నిర్మాణం విప్పి చూపినట్టు ఉంటుంది. నడిమి ఈనె, దాని నుంచి ఇరువైపులా కొమ్మలు, వాటి మధ్య నిచ్చెన మెట్లుగా అడ్డ ఈనెలు, వాటి లోపల కంటికి ఆనని గళ్లు. ఎక్కడ ఒక చోట తెగినా నీరు పక్కదారిన చేరేలా అల్లిన కాలువలవి. మిగతా ఆకు చెదలకు, బూజుకు, రోకలిబండ పురుగులకు పోతుంది. కానీ ఎండల్లో ఆ పని మెల్లగా సాగుతుంది, తడి తగిలితేనే ఊపందుకుంటుంది. తొలకరి పెద్ద చినుకు నేరుగా ఎర్రమట్టిని కొట్టకుండా మధ్యలో ఆగేది ఈ ఆకుల పరుపు మీదే. పరుపు ఉన్న చోట నీరు ఇంకుతుంది, ఊడ్చేసిన చోట మట్టితో కలిసి చెరువులోకి పోయి పూడికవుతుంది.

ఆకు రాలడానికీ తొలకరికీ మధ్య రోజుల్లోనే ప్రమాదం. ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండుటాకు నిప్పురవ్వ కోసం కాచుకుని ఉంటుంది, బీడీ ముక్క ఒకటి చాలు. అటవీశాఖ ఏటా ఫైర్ లైన్లు గీసి ఆకు తీసేయించేది అందుకే. కాలనీల్లో జరిగేది ఇంకొకటి. ఊడ్చిన ఆకును కుప్పపోసి అగ్గిపుల్ల వేయడం మన వీధుల్లో పొద్దుటి ఆచారమైపోయింది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ కాల్చడాన్ని నిషేధించాయి, తోట చెత్తను ఎవరి ఆవరణలో వాళ్లు విడిగా ఉంచుకోవాలని కూడా చెప్పాయి. పొగ సంగతి అలా ఉంచి, చెట్టు తీసుకోకుండా వదిలిన సగం నత్రజని మంటలో గాలికి పోతుంది. మిగిలేది బూడిద.

ఎండుటాకు కుప్ప పోసి ఏడాదైనా కుళ్లలేదని, ఆకు ఎరువంతా ఒట్టి మాటని విసుక్కునేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్ల తప్పేం లేదు, చెట్టు చేసిన సర్దుడు వాళ్లకు ఎవరూ చెప్పలేదు. పొలంలో కలియదున్నే పచ్చి కానుగ రొట్ట త్వరగా కుళ్లి నత్రజని ఇస్తుంది, ఎందుకంటే దాన్ని చెట్టు సర్దుకోకముందే మనం కోశాం. రాలిన కానుగాకులో ఆ నత్రజనిలో పెద్ద వాటా కొమ్మల్లోకి వెళ్లిపోయింది. ఎండుటాకుల్లో చాలావాటికి కర్బనం నత్రజనికి 50 రెట్ల దాకా, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25, 30 రెట్ల దగ్గర బాగా సాగుతుంది. ఆ లోటును మనం పూడ్చాలి. గుంతలో జానెడు మందాన ఎండుటాకు పరిచి, కాళ్లతో తొక్కి నలగ్గొట్టి, దాని మీద పేడ నీళ్లు చల్లాలి. పేడ దొరకని చోట వంటింటి పచ్చి చెత్త, కోసిన పచ్చి గడ్డి వేసినా సరే. మళ్లీ ఆకు, మళ్లీ పేడ. పిండితే చుక్క రాలీ రాలనట్టుండేంత తడి చాలు, అంతకు మించితే కంపు కొడుతుంది. నెలకోసారి తిరగేయాలి. ఆకు వదలని కాల్షియం ఇందులోనే ఉంటుంది కాబట్టి ఎరువుకు అది అదనపు లాభం.

ఫాల్గుణంలో నింపిన గుంత వానలు ముదిరేసరికి నల్లగా, మట్టి వాసనతో వంగ, టమాట నారుకు పనికొచ్చేలా తయారవుతుంది. టేకు ఈనెలు, వేప పుల్లలు మాత్రం అప్పటికీ కరగవు. వాటిని జల్లెడ పట్టి పారేయకుండా పక్కన పెట్టుకోవాలి. వాటికి పట్టిన బూజు బతికే ఉంటుంది, మళ్లీ శిశిరంలో కొత్త ఆకుతో కలిపి అడుగున వేస్తే రెండో గుంత మొదటిదానికన్నా తొందరగా మాగుతుంది.